యంత్ర రచనలో సహజత: ఎవరి సహజత?

గడిచిన రెండు మూడేళ్లుగా మా పీఠానికి వచ్చే విద్యార్థుల వ్యాసాల్లో ఒక మార్పు కనిపిస్తోంది. అక్షరదోషాలు తగ్గాయి. వాక్యాలు పొందికగా ఉంటున్నాయి. పేరాలన్నీ ఇంచుమించు ఒకే కొలతలో నడుస్తున్నాయి. హోసూరు నుంచి వచ్చినవారు, షోలాపూరు నుంచి వచ్చినవారు, బరంపురం నుంచి వచ్చినవారు అందరూ ఒకే గొంతుతో రాస్తున్నారు. ఇందుకు సంతోషించాలో విచారించాలో మాకు మొదట తేలలేదు. ఇప్పుడు కొంత తేలింది. ఆ సంగతిని పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కారణం అందరికీ తెలిసిందే. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. దాని వెనుకే అటువంటివి మరికొన్ని వచ్చాయి. ఇవాళ చేతిలో ఫోను ఉన్న విద్యార్థి 'మా ఊరి జాతర మీద తెలుగులో వ్యాసం రాసిపెట్టు' అని అడిగితే అరనిమిషంలో వ్యాసం సిద్ధమవుతుంది. అలా రాయించుకున్నవారిని మందలించడానికి మేము పూనుకోలేదు. తరగతిలో చాలామంది మమ్మల్ని అడుగుతున్న ఒక ప్రశ్నను మాత్రం తీసుకుంటున్నాం. "యంత్రం సాయంతో రాసింది మనిషి రాసినట్టు సహజంగా ఉండాలంటే ఏం చేయాలి సార్?" అన్నది ఆ ప్రశ్న. ప్రశ్న మంచిదే. కాని దాని లోపల ఒక నమ్మకం ఉంది. సహజత అనేది కూర ఉడికాక పైన పెట్టే తాలింపు వంటిదనీ, రచన అంతా అయ్యాక చివర కలుపుకోవచ్చుననీ ఆ నమ్మకం. అది ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

1

నిరుడు హోసూరు పక్క పల్లె నుంచి వచ్చిన మా విద్యార్థిని ఒకరు తమ అమ్మమ్మ మీద వ్యాసం రాసి తెచ్చారు. యంత్రం సాయం తీసుకున్నానని తానే చెప్పింది. ఆ వ్యాసంలో మొదటి పేరాను ఆ అమ్మాయి అనుమతితో ఇక్కడ ఇస్తున్నాం:

"మా అమ్మమ్మ ఒక అద్భుతమైన మహిళ. ఆమె వంటగది కేవలం ఒక గది కాదు, అది జ్ఞాపకాల యొక్క ఆలయం. ఆమె చేత తయారు చేయబడిన ప్రతి వంటకం ఒక కథను కలిగి ఉండేది. ఆమె చేతులు ప్రేమ యొక్క భాషను మాట్లాడేవి."

వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా తెలుగు చెవికి ఇది పరాయిగా వినిపిస్తుంది. ఎందుకో విడదీసి చూడాలి.

మొదటిది 'ఒక'. ఇంగ్లీషులో నామవాచకానికి ముందు వచ్చే ఉపపదం వంటిది తెలుగుకు లేదు. 'అనగనగా ఒక రాజు' అన్నప్పుడు 'ఒక'కు పని ఉంది. వినేవారికి అంతవరకు తెలియని రాజును అది పరిచయం చేస్తుంది. 'ఒక అద్భుతమైన మహిళ'లో దానికి ఆ పని లేదు. రెండవది 'యొక్క'. 'ఇంటి తలుపు', 'అవ్వ చెయ్యి' అంటే సంబంధం తెలుస్తూనే ఉంది. దానికి వేరే మాట అక్కరలేదు. మూడవది 'కలిగి ఉండు'. తెలుగులో 'నాకు ఇద్దరు తమ్ముళ్లు' అంటాం. 'నేను ఇద్దరు తమ్ముళ్లను కలిగి ఉన్నాను' అని ఏ ఇంట్లోనూ వినం. నాలుగవది 'చేయబడిన'. 'అవ్వ చేసిన' అంటే సరిపోయే చోట కర్మణి ప్రయోగం తెచ్చిపెట్టుకున్న బరువు. ఐదవది 'ఆమె'. నాలుగు వాక్యాల్లో మూడు ఆ మాటతోనే మొదలయ్యాయి. ఎవరిని గురించి మాట్లాడుతున్నామో తెలిసిపోయాక తెలుగు వాక్యం సర్వనామాన్ని వదిలేస్తుంది. మరొకరితో పోల్చి వేరు చేయవలసి వచ్చినప్పుడే మళ్లీ తెచ్చుకుంటుంది.

ఆరవది 'కేవలం గది కాదు, ఆలయం' అన్న పోకడ. వంటగది ఉత్త గది అని ఎవరన్నారు? ఎవరూ అనని మాటను నిలబెట్టి, దాన్ని తానే కొట్టేసి, ఆ పైన పెద్ద మాట ఒకటి పేర్చడం ఈ యంత్రాలకు బాగా అలవాటైన ఎత్తు. చదివేవారికి ఏదో లోతు ఉన్నట్టు తోస్తుంది. దిగి చూస్తే మడమ కూడా మునగదు.

ఈ ఆరు సంగతులూ విన్నాక ఆ అమ్మాయి వ్యాసాన్ని తీసుకుపోయి, మరునాడు రెండవ ప్రతి తెచ్చింది. 'దీన్ని సహజంగా, మనిషి మాట్లాడినట్టు మార్చు' అని యంత్రాన్నే అడిగిందట.

"అబ్బా! మా అమ్మమ్మ అంటే ఏమనుకున్నారు? ఆ చేతి వంట తింటే స్వర్గం కనిపించేదనుకోండి! నిజం చెప్పాలంటే ఆ వంటగది మాకు గుడి లాంటిది కదా!"

'యొక్క' పోయింది, 'చేయబడిన' పోయింది. 'అబ్బా', 'అనుకోండి', 'కదా' వచ్చాయి. మేము చెప్పిన తప్పులన్నీ దిద్దుకున్నట్టే. కాని రెండు ప్రతుల్లోనూ ఆ అవ్వ మాత్రం లేదు. ఈ పేరాను ఏ ఊరి ఏ అమ్మమ్మకు తగిలించినా అతుకుతుంది. మొదటి ప్రతి పుస్తకం చదివినట్టు ఉంటే, రెండవది రేడియోలో ప్రకటన విన్నట్టు ఉంది. మార్పు అంతకుమించి లేదు.

అప్పుడు కాగితం పక్కన పెట్టించి, "మీ అమ్మమ్మ గురించి నోటితో చెప్పమ్మా" అన్నాం. కాసేపు తటపటాయించి ఇలా చెప్పింది:

"మా అవ్వ పొద్దన్నే పొయ్యి ముట్టించేది. సంగటి కెలికేటప్పుడు ఎవురు పలకరించినా పలికేది కాదు. దించినాక తెడ్డుకు అంటుకొనింది నాకు పెట్టేది. చెయ్యి నొప్పి ఉండాదని శానా దినాలు మాకెవురికీ చెప్పనే లేదు."

ఇక్కడ పొగడ్త ఒక్కటి లేదు. 'ప్రేమ' అన్న మాట లేదు. అవ్వ మొదటి వాక్యంలో ఒకసారి వచ్చి, తరువాత మూడు వాక్యాల్లోనూ క్రియల వెనుకే ఉండిపోయింది. 'కెలికేటప్పుడు', 'దించినాక' అన్న అసమాపక రూపాలు పనుల వరుసను మోస్తున్నాయి. 'చెప్పనే లేదు'లోని ఏకారం తెలియకుండా గడిచిన దినాల బాధనంతా చూపుతోంది. 'మాకెవురికీ' అన్న మాట ఇంట్లోవారిని లోపల ఉంచి, మమ్మల్ని బయట నిలబెట్టింది. చేతులు భాష మాట్లాడాయని యంత్రం అన్నది. ఆ చేయి నొప్పితో తెడ్డు పట్టిందని మనవరాలు చెప్పింది. ఈ సంగతి యంత్రానికి తెలిసే వీలు లేదు.

"మరి ఇదే ఎందుకు రాయలేదు?" అని అడిగాం. "ఇది రాసే తెలుగు కాదు కద సార్" అంది. "అవ్వ అనకుండా అమ్మమ్మ అని ఎందుకు రాశావు?" అని అడిగాం. "పుస్తకాల్లో అట్లే ఉంటుంది సార్" అంది.

ఆ జవాబు మాకు తగలవలసిన చోటే తగిలింది. ఎన్నో ఏళ్లుగా ఇటువంటి విద్యార్థుల కాగితాల మీద 'శానా' కింద, 'ఉండాది' కింద ఎర్రసిరాతో గీతలు గీసినవాళ్లం మేమే. ఇంటి తెలుగు రాతకు పనికిరాదని యంత్రం రాకముందే నేర్పిపెట్టాం. ఖాళీ చేసి ఉంచిన ఆ చోటులోకి యంత్రం వచ్చి కూర్చుంది.

2

ఈ తగవు తెలుగువారికి కొత్త కాదు. చిన్నయ సూరి బాలవ్యాకరణం 1858లో వచ్చిన తరువాత గ్రాంథికమే రాతకు తగిన భాష అన్న అభిప్రాయం బడుల్లో స్థిరపడింది. గిడుగు రామమూర్తి దాన్ని ఎదిరించారు. 1863లో పుట్టిన గిడుగు తన ఉద్యోగ జీవితమంతా గడిపింది పర్లాకిమిడిలో. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు చేరింది. వ్యావహారిక భాషోద్యమపు పెద్దదిక్కు ఇవాళ్టి లెక్కలో 'బయటి తెలుగు' ఊరిలో నిలబడి మాట్లాడారన్నది మన విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం. సవర భాష మీద ఆయన చేసిన కృషి కూడా అక్కడిదే. ఎవరి భాషను వారి నోటి నుంచే వినాలన్న అలవాటు ఆయనకు అక్కడే గట్టిపడి ఉంటుందని మా ఊహ.

గిడుగు వాదంలో మనకు ఇవాళ పనికివచ్చే అంశం ఒకటుంది. గ్రాంథికాన్ని సమర్థించే పండితులే గ్రాంథికాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని ఆయన ఉదాహరణలతో చూపించారు. ఎవరూ మాట్లాడని భాష కనుక దానిలో తప్పు ఒప్పులను చెవి పట్టి ఇవ్వదు, పుస్తకం చూసుకోవలసిందే. యంత్రం రాసే తెలుగు స్థితి కూడా ఇదే. అది ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడే తెలుగు కాదు. అందుకే దానిలో ఏది అతికిందో ఏది అతకలేదో చెప్పడానికి విద్యార్థికి చెవి సాయం రాదు.

అయితే వ్యావహారికం గెలిచాక జరిగింది కూడా చెప్పుకోవాలి. గెలిచింది శిష్ట వ్యావహారికం. దానికి ఆధారం ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్నవారి భాష. పత్రికలు, పాఠ్యపుస్తకాలు దాన్నే ప్రమాణం చేశాయి. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలు తమ తెలుగును రాతలోకి తెచ్చుకోవడానికి చాలా పెనుగులాడవలసి వచ్చింది. రాష్ట్రాల బయట ఉన్న మనం ఆ పెనుగులాట మొదలుపెట్టామనే చెప్పాలి. పులికాట్ సరస్సు చుట్టుపక్కల తెలుగులో స.వెం. రమేశ్ రాసిన 'ప్రళయకావేరి కథలు' వంటివి ఆ దారిలో గట్టి అడుగులు.

3

ఇక యంత్రం ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా. ఇది వాక్యాన్ని అర్థం నుంచి అల్లదు. అంతవరకు వచ్చిన మాటలను బట్టి తరువాత రాదగిన తునకను లెక్కకట్టి ఎంచుకుంటుంది. ఆ లెక్కను అది అచ్చులోను, అంతర్జాలంలోను ఉన్న రాశుల కొద్దీ రాతల నుంచి నేర్చుకుంది. ఆ రాతల్లో ఇంగ్లీషుది సింహభాగం. తెలుగుది చాలా చిన్న వాటా. ఆ చిన్న వాటాలోనూ వార్తలు, అనువాదాలు, ప్రకటనలు ఎక్కువ.

మరొక సంగతి తునకలది. యంత్రం మాటలను తన లెక్క ప్రకారం ముక్కలు చేసుకుంటుంది. 2024 మే నెలలో ఓపెన్ఏఐ సంస్థ తన కొత్త నమూనాను ప్రకటిస్తూ ఒక పట్టిక ఇచ్చింది. ఒకే చిన్న పలకరింపును పాత పద్ధతి తెలుగులో 159 ముక్కలు చేసేదనీ, కొత్త పద్ధతి 45 ముక్కలు చేస్తుందనీ అందులో ఉంది. అదే మాటలకు ఇంగ్లీషులో 27 ముక్కలు 24 అయ్యాయి. అభివృద్ధి పెద్దదే. కాని నిన్నమొన్నటి వరకు తెలుగు ఆ యంత్రాలకు ఎంత నలిగి చేరిందో ఈ అంకెలు చెబుతాయి.

ఇక్కడ నిందను యంత్రం మీదికే నెట్టడం న్యాయం కాదు. 'చేయబడినది', 'కలిగి ఉన్నది', 'యొక్క' అన్నవి యంత్రం కనిపెట్టినవి కావు. దశాబ్దాలుగా ఇంగ్లీషు నుంచి హడావుడిగా అనువదించిన వార్తల్లోను, ప్రభుత్వ ప్రకటనల్లోను, పాఠ్యపుస్తకాల్లోను ఉన్నవే. మనం రాసిందే చదివి మనకే ఒప్పజెబుతోంది. కాకపోతే అలసట లేకుండా, అందరికీ ఒకేలా ఒప్పజెబుతోంది.

మాండలికంలో రాయమని అడిగితే? సినిమాల్లో విన్న నాలుగు మాటలు చల్లి ఇస్తుంది. వాక్యం ఎముక మారదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా. ఇంతమంది మాట్లాడుతున్నా వారి తెలుగు అచ్చులోకి వచ్చింది చాలా తక్కువ. అచ్చులో లేనిదాన్ని యంత్రం నేర్చుకోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. నాగలిని మడక అనే సీమలు ఏవో ఆ కోశం చూస్తే తెలుస్తుంది. కాని అవి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో సేకరించిన పదాలు. షోలాపూరు, భివండి మగ్గాల మధ్య పుట్టి పెరిగిన తెలుగుకు అటువంటి కోశం ఇంకా రావలసే ఉంది.

ఒక చిన్న పరీక్ష చెబుతాం. 'మేము', 'మనం' అన్న తేడా తెలుగులో ఉంది, తమిళంలో ఉంది, మరాఠీలో ఉంది. ఇంగ్లీషులో లేదు, ఇవాళ్టి కన్నడంలో లేదు. యంత్రం రాసిన వ్యాసంలో 'మేము మన భాషను కాపాడుకోవాలి' వంటి వాక్యం దొరికితే ఆగి చూడండి. ఎదుటివారిని కలుపుకుంటున్నామా, వదిలిపెడుతున్నామా అన్నది తెలుగులో నోరు తెరిచేలోపే తేల్చుకోవలసిన సంగతి. యంత్రం చాలాసార్లు తేల్చుకోదు. ఎందుకంటే దానికి ఎదుట ఎవరూ లేరు.

4

కొందరు అధ్యాపకులు మరొక దారి పట్టారు. యంత్రం రాసిందో మనిషి రాశాడో చెప్పే సాధనాలు ఉన్నాయి కదా, వాటితో పట్టుకుందాం అంటున్నారు. దీనికి మేము ఒప్పుకోవడం లేదు. అటువంటి సాధనాన్ని 2023 జనవరిలో విడుదల చేసిన ఓపెన్ఏఐ సంస్థే, అది సరిగా గుర్తించడం లేదని అదే ఏడాది జూలైలో ఉపసంహరించుకుంది. 2023లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరొక విషయం బయటపెట్టారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షలో రాసిన 91 వ్యాసాలను ఏడు సాధనాలకు ఇస్తే, సగటున సగానికి మించినవాటిని అవి యంత్ర రచనలుగా ముద్రవేశాయి. మాటల సంఖ్య తక్కువగా, వాక్యాలు సాదాగా ఉండడమే వారి నేరం.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో, బడిలో ఇంగ్లీషు నడిచే మన విద్యార్థులు రాసే తెలుగు కూడా సాదాగానే ఉంటుంది. అనుమానపు ముద్ర మొదట పడేది వారి మీదే. పైగా పట్టుబడకుండా ఉండడమే గురి అయితే, విద్యార్థులు పర్యాయపదాలు మార్చి దాచుకోవడం నేర్చుకుంటారు. ఈ పని చేసిపెట్టే సాధనాలూ ఉన్నాయి. వాటివల్ల 'మహిళ' పోయి 'స్త్రీ' వస్తుంది. అవ్వ రాదు.

5

అయితే ఏం చేయాలి? మా అనుభవంలో పనికివచ్చినవి కొన్ని చెబుతాం.

రాయబోయేదాన్ని ముందు నోటితో ఎవరికైనా చెప్పండి. ఫోనులో ధ్వనిముద్రణ చేసుకుని విని, విన్నది విన్నట్టు రాసుకోండి. ఆ ముతక ప్రతిని చేతిలో ఉంచుకున్నాకే యంత్రం దగ్గరికి వెళ్లండి. ముందు మీ మాట, తరువాత దాని సాయం. ఈ వరుస తిరగబడితే యంత్రం వాక్యాన్ని మీరు దిద్దడమే మిగులుతుంది. ఎంత దిద్దినా ఆ కట్టడం దానిదే.

ప్రతి పేరాలోను మీకు తప్ప మరొకరికి తెలియని సంగతి ఒకటైనా ఉందా అని చూసుకోండి. తెడ్డుకు అంటిన సంగటి వంటిది. అది లేని పేరా ఎంత నునుపుగా ఉన్నా తీసేయవచ్చు.

యంత్రాన్ని అడగదగినవి ఉన్నాయి. అక్షరదోషాలు చూపమనండి. మీ వాదంలో ఎక్కడ మెట్టు తప్పిందో అడగండి. చదివేవారికి ఎక్కడ అర్థం కాకపోవచ్చునో అడగండి. అది చెప్పిన సంవత్సరాలను, పేర్లను గ్రంథాలయంలో సరిచూసుకోండి. లేనివాటిని ఉన్నట్టు చెప్పడం దానికి మామూలే. మీ ఇంటి మాట తప్పని అది దిద్దితే మాత్రం వెంటనే ఒప్పుకోకండి. ఇంట్లో పెద్దవారిని అడగండి. యానాంవారికి గోదావరి మాట, హోసూరువారికి సీమ పొరుగు మాట ప్రమాణమే.

మేము పైన చెప్పిన ఆరు గుర్తులనూ నియమాలుగా పెట్టుకోవద్దు. 'యొక్క' కనిపించిన చోటల్లా కొట్టేస్తే సహజత రాదు. 'ఎవరు, ఎవరితో, ఎందుకు చెబుతున్నారు' అన్న మూడింటికి జవాబు ఉన్న రచనలో అవి చాలావరకు వాటంతటవే రావు.

మన ఊళ్లలో పుట్టే తెలుగులో కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా పలుకుబడులు కలుస్తాయి. అవీ అనువాదాలే కదా, యంత్రానివి మాత్రం ఎందుకు తప్పుపట్టాలి అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మా జవాబు ఇది. పొరుగువారితో తరాల తరబడి సంతలోను, పొలంలోను, మగ్గం దగ్గర మాట్లాడి తెచ్చుకున్న పలుకుబడికి వెనుక ఇచ్చిపుచ్చుకున్న మనుషులు ఉన్నారు. యంత్రం తెచ్చే ఇంగ్లీషు పోకడకు మన ఊళ్లో అటువంటి పొరుగు ఎవరూ లేరు. నూరేళ్ల తరువాత అదీ మన నోళ్లలో నలిగి మనదే కావచ్చు. అప్పటి భాషాశాస్త్రజ్ఞులు దాన్ని వర్ణిస్తారు. ఇవాళ మాత్రం దానికి చోటివ్వడానికి ఉన్నదాన్ని ఖాళీ చేయవలసిన పని లేదు.

ఆ అమ్మాయి వ్యాసం మూడవ ప్రతి మాకు అందింది. యంత్రం దగ్గర అక్షరదోషాలు మాత్రమే దిద్దించుకున్నానని చివర ఒక వాక్యం రాసింది. 'శానా'ను యంత్రం 'చాలా' అని మార్చబోతే తాను ఒప్పుకోలేదని కూడా రాసింది. ఆ ప్రతి మీద మేము ఎర్రసిరా వాడలేదు. వ్యాసం ఇంకా బాగుపడవలసి ఉంది. ముగింపు తొందరగా వచ్చేసింది, అవ్వ వైద్యం సంగతి ఒక్క మాటలో తేల్చేసింది. అవి కూర్చుని మాట్లాడుకోదగిన లోపాలు. మొదటి ప్రతిలో మాట్లాడుకోవడానికి లోపం కూడా దొరకలేదు.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో పెద్దవారు ఒక పనిని ఎలా చేస్తారో, వారు చెప్పిన మాటల్లోనే ఒక పుటకు మించకుండా రాసి మాకు పంపండి. సంగటి కావచ్చు, ఆసు పోయడం కావచ్చు, వల అల్లడం కావచ్చు. ఊరి పేరు తప్పక రాయండి. మాటలు మార్చకుండా వరుసగా ఈ పత్రికలో అచ్చువేస్తాం.